పాత వర్కుస్టేషనుకు డిస్కు దొరికేనా?

వర్కుస్టేషను అనే మాట ఈనాటి విద్యార్థి మిత్రులలో చాలామందికి కొత్తగా తోచవచ్చు. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక కంప్యూటరు ఉన్నది గనుక వాటిలో జాతులు, తెగలు విడదీయవలసిన పని లేకపోయింది. 1980లలోనూ 90లలోనూ అలా కాదు. ఒకవైపు గదంతా ఆక్రమించే పెద్ద యంత్రాలు, మరొకవైపు ఉత్తరాలు టైపు చేసుకోవడానికి, చిన్నాచితకా లెక్కలకు పనికివచ్చే పర్సనల్ కంప్యూటర్లు. ఈ రెంటికీ నడుమ, పరిశోధకుడి బల్ల మీదనే కూర్చుని పెద్ద యంత్రం చేయదగిన పనిని చేసిపెట్టేది వర్కుస్టేషను. యూనిక్సు మీద నడిచేది. ఈ రంగంలో పేరుమోసిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థను 1982లో అమెరికాలో స్థాపించిన నలుగురిలో మన దేశం నుంచి వెళ్లిన వినోద్ ఖోస్లా ఒకరు. 2010లో ఒరాకిల్ సంస్థ దానిని కొనేసింది. సన్ వారు 1994లో తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 20 అనే మోడలు చూడడానికి పెళ్లివారి స్వీటు డబ్బాలా చదరంగా, పల్చగా ఉంటుంది.

ఆ మోడలు యంత్రం ఒకటి హనుమకొండలో మా విభాగం స్టోరు గదిలో, విరిగిన కుర్చీల వెనక ఏళ్ల తరబడి పడి ఉంది. రెండేళ్ల కిందట కండెమ్నేషను జాబితాలో దాని పేరు ఎక్కింది. జాబితా నా చేతికి వచ్చిననాడు మా అటెండరు, "సార్, గా డబ్బా ఇయ్యకుండ్రి. పెద్దసారు రోజూ దాని ముంగటనే కూసుండేది" అన్నాడు. పెద్దసారు అంటే మాకందరికీ గురువు, రిటైరై హైదరాబాదులో ఉంటున్న ప్రొఫెసరు గారు. ఆయనకు ఫోను చేస్తే తేలిందేమంటే, 1995 నుండి 2003 దాకా ఆయనా, ఆయన విద్యార్థులూ తీసిన ఎక్స్‌రే వివర్తన కొలతల అసలు అంకెలన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. పత్రికలలో అచ్చయినవి గ్రాఫులు మాత్రమే. గ్రాఫు చూసి గీత ఎటు పోతున్నదో చెప్పగలం గాని, దాని నుంచి అంకెలు వెనక్కి రాబట్టి మళ్లీ లెక్క కట్టడం కష్టం. టేపు మీద తీసిన నకలు ఒకటి ఉండేది. దానికి బూజు పట్టింది.

చరిత్ర కోసం అయితే ఇంత ఆరాటం లేకపోను. ఆనాటి నమూనాలనే తీసుకుని ఇప్పుడు మా విభాగంలో ఒక అమ్మాయి పిహెచ్.డి. చేస్తున్నది. ఇరవై ఏళ్లలో ఆ పదార్థం లోలోపల ఎంత మారింది అన్నదే ఆమె ప్రశ్న. పాత అంకెలు లేకపోతే పోల్చి చూడడానికి ఏమీ లేదు, అంటే సగం థీసిస్ లేదు.

యంత్రానికి కరెంటు ఇస్తే ఫ్యాను తిరిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. డిస్కు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

డిస్కు ఎందుకు మూగబోతుందో కొంచెం చెప్పుకుందాం. హార్డు డిస్కులో అద్దంలా నునుపు చేసిన పళ్లేలు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతాయి. వాటి మీద చదివే తల, పళ్లేన్ని తాకకుండా గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎడం మన తల వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. 1990లనాటి డిస్కులలో యంత్రం ఆగినప్పుడు తల వచ్చి పళ్లెం మీదనే ఒక పక్కగా వాలేది. రెండు నునుపైన గాజు పలకలను తడిపి ఒకదానిపై ఒకటి పెడితే ఎట్లా అతుక్కుంటాయో తెలుసు కదా. ఏళ్ల తరబడి కదలక పడి ఉన్న డిస్కులో తల పళ్లేనికి అట్లాగే అంటుకుంటుంది. మోటారుకు దానిని పీకే బలం చాలదు. ఇంగ్లీషువారు దీనికి స్టిక్షన్ అని పేరు పెట్టారు. ఇది గాక బేరింగులో నూనె చిక్కబడుతుంది. కొన్నిట్లో లోపలి రబ్బరు ముక్క కరిగి బంకగా మారుతుంది. వాడకం వల్ల పాడయ్యే వస్తువులు లోకంలో చాలా ఉన్నాయి. ఇది వాడకపోవడం వల్ల కూడా పాడవుతుంది.

అయితే కొత్త డిస్కు కొని పెట్టరాదా అని అడగవచ్చు. ఇక్కడే అసలు కథ ఉంది. ఆనాటి వర్కుస్టేషన్లు డిస్కుతో స్మాల్ కంప్యూటర్ సిస్టమ్ ఇంటర్‌ఫేస్ అనే పద్ధతిలో మాట్లాడేవి. తొలి అక్షరాలు కలిపి దానిని 'స్కజీ' అంటారు. షుగార్ట్ అసోసియేట్స్ అనే సంస్థ తయారుచేసిన పద్ధతి నుంచి పెరిగి, 1986లో ఇది అమెరికా ప్రమాణంగా స్థిరపడింది. 2003 తరువాత సాటా డిస్కులు బజారును నింపేశాయి. ఇవాళ దుకాణంలో దొరికే కొత్త డిస్కుకూ మన పాత యంత్రానికీ భాష కలవదు. ఎన్ని గిగాబైట్లు అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. కలవవలసింది భాష.

స్కజీలోనూ అన్నీ ఒకటి కావు. మొదట్లో 50 పిన్నులవి, తరువాత 68 పిన్నులవి, కరెంటు తీగతో సహా అన్నీ ఒకే చోట కలిసిన 80 పిన్నులవి వచ్చాయి. మా స్పార్క్‌స్టేషన్ 20లో పట్టేది ఈ చివరిది. పిన్నులు కుదిరాయని సంబరపడితే చాలదు. హై వోల్టేజి డిఫరెన్షియల్ అనే రకం ఒకటి ఉంది, దానిని మామూలు స్కజీ తీగకు తగిలిస్తే సర్క్యూటు కాలిపోయే ప్రమాదముంది. తరువాతి కాలపు లో వోల్టేజి రకం మాత్రం పాత యంత్రం కనబడితే తానే తగ్గి దాని పద్ధతిలో మాట్లాడుతుంది. పెద్దమనిషి తరహా అన్నమాట.

మరొక విషయం టెర్మినేషను. నిండిన చెరువులో రాయి వేస్తే అల పోయి పోయి కట్టకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. వెనక్కి వచ్చిన అల, ముందుకు పోతున్న అల కలిసి గజిబిజి అవుతాయి. తీగలో సంకేతమూ అంతే. కొస దగ్గర దానిని మింగేసే నిరోధకాలు లేకపోతే తిరిగి వచ్చి రాబోయే సంకేతాన్ని చెడగొడుతుంది. అందుకని స్కజీ వరుసకు రెండు కొసల్లోనూ టెర్మినేటరు ఉండాలి, నడుమ ఉండకూడదు. డిస్కు చచ్చిపోయిందని పక్కన పడేసిన కేసులలో ఈ చిన్న ముక్క లేకపోవడమే కారణమైనవి నేను చూశాను.

ఇక వెదుకులాట. వరంగల్‌లో కంప్యూటరు దుకాణాలన్నీ తిరిగాను, దొరకలేదు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయాను. అక్కడ కొత్త లాప్‌టాపులు అమ్మే అద్దాల దుకాణాలు దాటి, పాత సామాను గుట్టలు పోసిన ఒక చిన్న కొట్టు దగ్గర ఆగి నా డిస్కు చూపించాను. కొట్టాయన అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది మస్తు పాతది సారూ. గిసొంటివన్నీ కిలోల లెక్కన పోయినయ్. ఇప్పుడెవరు అడుగుతరు?" అన్నాడు. నేను కదలకపోయేసరికి లోపలికి పోయి దుమ్ము దులుపుతూ మూడు డిస్కులు తెచ్చాడు. "పాత సర్వర్లవి. నడుస్తయో నడవయో నేను చెప్ప. మూడూ తీస్కపోతే పదిహేను వందలియ్యి."

80 పిన్నులు, లో వోల్టేజి రకం, ఒక్కొక్కటి 36 గిగాబైట్లు. తీసుకున్నాను. వర్కుస్టేషను డిస్కు కావాలని అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. సర్వరు డిస్కు అని అడిగితే ఉంటుంది. రెండిటి భాషా ఒకటే. వెతికేవారు గుర్తుంచుకోదగిన సంగతి ఇది.

మూడింటిలో ఒకటి తిరగనే లేదు. రెండోది తిరిగింది గాని యంత్రం దానిని ఒప్పుకోలేదు. కారణం విచిత్రమైనది. మామూలు డిస్కు మీద సమాచారాన్ని 512 బైట్ల గళ్లుగా విభజిస్తారు. పెద్ద పెద్ద స్టోరేజి యంత్రాలలో వాడినవాటికి 520 బైట్ల గళ్లు ఉంటాయి, ఆ అదనపు 8 బైట్లు తప్పొప్పుల తనిఖీకి. లినక్సులో ఎస్.జి. ఫార్మాట్ అనే సాధనంతో దానిని తిరిగి 512కు మార్చవచ్చు. కొన్ని గంటలు పట్టింది. మూడోది ఏ పేచీ లేకుండా పనిచేసింది.

కాని కొత్త డిస్కు చేతికి వచ్చినంత మాత్రాన పెద్దసారు అంకెలు రావు గదా. అవి పాతదాంట్లోనే ఉన్నాయి. అందుకని ముందు దానికి ప్రాణం పోయాలి. ఫ్రిజ్‌లో పెడితే డిస్కు పనిచేస్తుందని కొందరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ చేయకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. అంటుకున్న తలకు అనుభవజ్ఞులు చేసేది వేరు. డిస్కును అరచేతిలో పట్టుకుని, పళ్లెం తిరిగే దిక్కుగా మణికట్టును ఒక్కసారి చురుగ్గా తిప్పి, వెంటనే కరెంటు ఇవ్వాలి. మూడోసారికి లోపల సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మొదలయింది. ఒకసారి తిరిగిందంటే పని పూర్తయ్యేదాకా ఆపరాదు, మళ్లీ తిరుగుతుందన్న భరోసా లేదు.

స్కజీ కార్డు పెట్టిన ఒక పాత పి.సి.లో లినక్సు వేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో నకలు తీశాం. మామూలు నకలు ప్రోగ్రాములు చెడిన చోట ఆగిపోయి అక్కడే గింజుకుంటాయి. ఈలోగా బలహీనంగా ఉన్న తల కాస్తా పోతుంది. ఇది తెలివైనది. చెడిన చోటు రాగానే చీటీలో రాసుకుని ముందుకు దూకుతుంది. బాగున్నదంతా తీసుకున్న తరువాతనే వెనక్కి వచ్చి చెడినచోట్లను కొంచెం కొంచెంగా గీకుతుంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాయమని మనం పిల్లలకు చెప్పేదీ ఇదే. రెండు రాత్రులు ఆ అమ్మాయీ, నేనూ, అటెండరూ వంతులవారీగా కాపలా కాశాం. పట్టణంలో కరెంటు పోతే ఆదుకోవడానికి యు.పి.ఎస్. రెండు బ్యాటరీలతో పెట్టాం. 2.1 గిగాబైట్లలో ఒక 340 కిలోబైట్లు తప్ప అన్నీ వచ్చాయి.

అంతటితో అయిందనుకుంటే పొరపాటు. కొలతల ఫైళ్లు దొరికాయి, తెరిస్తే అర్థంకాని గీతలు. ఆ పరికరం తాలూకు ప్రోగ్రాము తన సొంత పద్ధతిలో రాసుకున్నవి అవి. దానిని మామూలు అంకెలుగా మార్చగలిగేది ఆ ప్రోగ్రామే, ఆ ప్రోగ్రాము నడిచేది స్పార్క్ మీదనే. కనుక నకలును కొత్త డిస్కుకు ఎక్కించి అసలు యంత్రాన్నే లేపవలసి వచ్చింది. 36 గిగాబైట్ల డిస్కు తాను 2.1 గిగాబైట్లదాన్నని నమ్మింది. మిగిలినదంతా ఖాళీగా ఉండిపోయినా మాకు నష్టం లేదు.

యంత్రం లేచింది గాని ప్రోగ్రాము లైసెన్సు చెల్లదన్నది. సన్ యంత్రాలలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాని కడుపులోనే లిథియం బ్యాటరీ. ఆ యంత్రం నంబరును అది జ్ఞాపకం పెట్టుకుంటుంది. బ్యాటరీ అయిపోతే యంత్రం తన పేరు తానే మరిచిపోతుంది. లైసెన్సు ఆ నంబరు పేరనే ఉంటుంది. అదృష్టం ఏమంటే, పెద్దసారు 1995లోనే ఆ నంబరును తన నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నారు. ఫోనులో ఒక్కొక్క అక్షరం చదివి వినిపించారు. కొత్త చిప్పు వేసి ఆ నంబరు చేత్తో ఎక్కించాం. లైసెన్సు ఒప్పుకుంది.

సర్వరు డిస్కు నిమిషానికి 10,000 చుట్లు తిరిగేది. ఆ పల్చటి డబ్బాలో వేడెక్కుతుంది, పైగా వయసు దానికీ ఉంది. అందుకని తరువాత బ్లూస్కజీ అనే చిన్న బోర్డు తెప్పించాం. ఒక మైక్రోకంట్రోలరు, ఒక ఎస్.డి. కార్డు, అంతే. యంత్రానికి మాత్రం తాను డిస్కునని చెప్పుకుంటుంది. డిస్కు నకలును ఫైలుగా కార్డులో వేసి, ఫైలు పేరులో స్కజీ నంబరు రాస్తే చాలు. మా యంత్రంలో బూటు డిస్కుది 3వ నంబరు. బోర్డుది 50 పిన్నుల పట్టు. బజారులో దొరికే అడాప్టర్లు 80 పిన్నుల డిస్కును 50 పిన్నుల తీగకు తగిలించేవి, మాకు కావలసింది దానికి తలకిందులు. కనుక లోపల పెట్టే ఆలోచన మాని, యంత్రం వెనక ఉన్న 50 పిన్నుల రంధ్రానికి బయటినుంచే తగిలించాం. అందంగా లేదు, నడుస్తున్నది.

పాత సామాను వదిలించుకోవడం తప్పని నేననను. స్టోరు గదులు ఇరుకు, పైగా 2023 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటివి గుర్తింపు ఉన్న రీసైక్లరుకే చేరాలి. అక్కడ వాటిని ముక్కలు చేసి లోహం తీస్తారు, తిరిగి రావడమంటూ ఉండదు. నా కోరిక ఒక్కటే, జాబితాలో వస్తువు పేరు పక్కన "డిస్కు నకలు తీయబడినదా" అని ఒక గడి ఉండాలి. 1959లో రీజనల్ ఇంజనీరింగు కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చిన ఊరు మనది. ఈ ఊరి అల్మారాలలో ఇంకా ఏమేమి ఉన్నాయో.

340 కిలోబైట్లలో పోయినవి 1997 నాటి రెండు ఫైళ్లు. ఆ అమ్మాయి తక్కినవాటితో తన మొదటి పట్టిక వేసింది. ప్రింటు తీసి పెద్దసారుకు పంపితే, మూడో వరుసలో తమ విద్యార్థి ఒకాయన యూనిట్లు మార్చడం మరిచిపోయాడని ఎర్ర సిరాతో గుర్తు పెట్టి వెనక్కి పంపారు. పక్క విభాగంలో ఇటువంటిదే సిలికాన్ గ్రాఫిక్స్ వారి యంత్రం ఒకటి ఉన్నది, దానిదీ స్కజీ డిస్కే. కండెమ్నేషను కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది.