నటనకు బడి ఎందుకంటారా?

"అన్నా, నాకు సినిమాల్లో వేషం కావాలి. ఏం చెయ్యమంటావ్?"

వారానికి ఇద్దరైనా నన్నీ ప్రశ్న అడుగుతూంటారు. అందరిదీ ఇరవై, ఇరవై రెండేళ్ళ వయసు. సెల్‌ఫోన్లో నలభై ఫోటోలుంటాయి. అభిమాన హీరో డైలాగు రెండు నిమిషాలపాటు గుక్క తిప్పుకోకుండా చెప్పగలరు. "ఎక్కడైనా చేరి నేర్చుకోకూడదూ?" అంటే మాత్రం మొహం చిట్లిస్తారు. "నటన నేర్పితే వచ్చేదా అన్నా? రామారావుగారు ఏ స్కూల్లో చదివారు? సావిత్రిగారికి ఎవరు నేర్పారు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు.

న్యాయమైన ప్రశ్నే! ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో, అదే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో, మూడేళ్ళు నటన నేర్చుకుని వచ్చినవాణ్ణి కనక జవాబు చెప్పే పూచీ నాదే. అయితే ముందే ఒక మాట. ఆ మూడేళ్ళూ నన్ను హీరోని చెయ్యలేదు. మరేం చేశాయంటారా? అదే చెప్పబోతున్నాను.

పాతవాళ్ళు చదివిన బడి

మన మహానటులు స్కూలుకు వెళ్ళలేదన్నది నిజమే. కానీ నేర్చుకోలేదనడం మాత్రం శుద్ధ తప్పు. అక్కినేని నాగేశ్వరరావుగారు సినిమాలకు రాకముందు నాటకాల్లో ఆడవేషాలు కట్టి చెయ్యి తిరిగినవారు. నందమూరి తారక రామారావుగారు విజయవాడ కాలేజీలో మీసం తియ్యనంటూనే ఆడవేషం వేసి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సావిత్రిగారు చిన్నతనంలోనే నాట్యం నేర్చుకుని నాటకాలాడారు. ఇక సురభివారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన ఆ కుటుంబ సమాజాల్లో పిల్లలు నడక నేర్చుకోకముందే స్టేజీ ఎక్కేవారు. ఉయ్యాల్లో బాలకృష్ణుడు కావాలంటే ఇంట్లో పసివాడు ఉండనే ఉన్నాడు!

అంటే ఏమిటన్న మాట? సమాజమే వాళ్ళకు బడి, ప్రేక్షకుడే పరీక్షాధికారి. ఈ రాత్రి తేలిపోయిన సీను రేపు రాత్రి దిద్దుకోవచ్చు. అలా వందల రాత్రులు గడిచాకే వాళ్ళు కెమెరా ముందు నిలబడ్డారు. ఇవాళ మనకా రాత్రులేవీ? నేను తెనాలి వైపువాణ్ణి. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టిన ఊరది. పరిషత్తు నాటకాలు చూస్తూ, ఆడుతూ పెరిగాను. రెండు నెలలు రిహార్సల్సు వేసి పోటీలో ఒక్క ప్రదర్శన ఇస్తాం. కప్పు వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ఆ నాటకం కథ అక్కడితో సరి. నేర్చుకున్నది నిలవాలంటే రోజూ చెయ్యాలి. ఆ 'రోజూ' అనేది ఇవాళ బడిలోనే దొరుకుతోంది.

బహావల్‌పూర్ హౌస్‌లో

ఢిల్లీ స్కూలును సంగీత నాటక అకాడమీవారు 1959లో స్థాపించారు. 1975లో అది స్వతంత్ర సంస్థ అయింది. మండీ హౌస్ దగ్గర భగవాన్‌దాస్ రోడ్డులో బహావల్‌పూర్ హౌస్ అనే పాత భవనం దాని చిరునామా. ఆ స్కూలుకు రూపమిచ్చిన మనిషి ఇబ్రహీం అల్కాజీ. లండన్‌లో నటన చదువుకుని వచ్చి 1962 నుంచి 1977 దాకా డైరెక్టరుగా ఉన్నారు. 2020లో కన్నుమూశారు. మహా క్రమశిక్షణ మనిషి! మరుగుదొడ్డి ఎలా కడగాలో స్వయంగా కడిగి చూపించారని పాత విద్యార్థులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నసీరుద్దీన్ షా, ఓం పురి, రోహిణీ హట్టంగడి ఆయన శిష్యులే.

రోహిణి ఎవరంటారా? 'గాంధీ' చిత్రంలో కస్తూరిబా. మనకైతే 'సీతారామయ్యగారి మనవరాలు'లో అక్కినేనిగారి సరసన బామ్మ. ఓం పురిని 'అంకురం'లో చూశారు. అదే స్కూల్లో తరవాత చదివిన ఇర్ఫాన్ ఖాన్‌ను 'సైనికుడు'లో చూశారు. చూశారా, మీకు తెలియకుండానే ఆ బడి మీ ఊరి థియేటరుకు వచ్చి వెళ్ళింది!

దేశం మొత్తం మీద ఏటా చేర్చుకునేది 30కి అటూ ఇటూ మాత్రమే. డిగ్రీ ఉండాలి. అంతకుముందు కొన్ని నాటకాల్లో పని చేసి ఉండాలి. తొలి పరీక్ష గట్టెక్కినవాళ్ళను ఢిల్లీ పిలిచి, కొన్ని రోజులు వర్క్‌షాపులో పెట్టి చూస్తారు. సీటొస్తే నెలనెలా స్టైపెండిస్తారు. పేదింటి పిల్లలకు అదే పెద్ద ఊరట.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. సీటొచ్చిందంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మూడేళ్ళయ్యాక ఉద్యోగం ఇస్తారట్రా?"

"ఇవ్వరు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. చివరకు "సరే, స్వెట్టరు కొనుక్కో. అక్కడ చలెక్కువ" అన్నారు. అదే ఆయన అంగీకారం!

ఖాళీ కుర్చీ, నిండు మనిషి

మొదటి సంవత్సరం ఏం నేర్పుతారనుకుంటున్నారు? గ్లిజరిన్ లేకుండా ఏడవడమా? అబ్బే! నడవడం, నిలబడడం, ఊపిరి పీల్చడం, కూర్చోవడం.

నిజం. ఒక కుర్చీ వేసి, "వెళ్ళి కూర్చో. ఏమీ చెయ్యకు" అంటారు. తోటివాళ్ళంతా చూస్తూంటారు. ఏమీ చెయ్యకుండా రెండు నిమిషాలు కూర్చోవడం ఎంత కష్టమో చేసి చూడండి! ఒకడు జుట్టు సర్దుకుంటాడు. ఒకడు సీరియస్‌గా శూన్యంలోకి చూస్తాడు. ఇంకొకడికి నవ్వొస్తుంది. మనలో ఎంత నటన అనవసరంగా పేరుకుని ఉందో ఆ కుర్చీ బయట పెట్టేస్తుంది. ఏ హీరో నడక అరువు తెచ్చుకున్నామో, ఏ హీరో చూపు దాచుకున్నామో మొదటి నెలలోనే తేలిపోతుంది. వాటిని తీసేశాకే అసలు పాఠం మొదలు.

మన భరతముని నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు విధాలన్నాడు కదా - ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని. స్కూలు టైంటేబులు చూస్తే ఇంచుమించు అదే. పొద్దున్నే యోగా, ఒళ్ళు వంచే కసరత్తు. తరవాత గొంతు సాధన. ఆపైన సంస్కృత నాటకం, షేక్‌స్పియర్, చెకోవ్, ఇబ్సెన్. మధ్యాహ్నం వడ్రంగం, లైటింగు, మేకప్, దుస్తుల తయారీ. నటుడికి సుత్తి ఎందుకండీ అనుకోకండి. మనం ఎక్కే మెట్లు మనమే మేకులు కొట్టి నిలబెడితే, వాటి మీద నడిచే పాదానికి వేరే ధీమా వస్తుంది. తెర వెనక వైరు పట్టుకుని నిలబడ్డవాడి కష్టం కూడా తెలుస్తుంది.

ఇక నాలుగోది, సాత్త్వికం. అది ఏ పీరియడ్‌లోనూ ఉండదు, అన్నిట్లోనూ ఉంటుంది. ఓసారి మమ్మల్ని బజారుకు పంపి ఎవరో ఒక మనిషిని గమనించి రమ్మన్నారు. నేను చెప్పులు కుట్టే ఓ ముసలాయన్ను మూడు రోజులు చూసి, క్లాసులో చేసి చూపించాను. దారం నోటితో తెంపడం దగ్గర్నుంచి అన్నీ సరిగ్గా చేశాను. మాస్టారు అంతా చూసి, "చేతులు బాగున్నాయి. ఇంతకీ ఆయన ఎవరి కోసం ఎదురు చూస్తున్నాడు?" అని అడిగారు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి చేతులు కాదు, ఆయన కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూశాను. స్కూలు నుంచి మనవడు వచ్చే దారివైపు! రెండోసారి చేసినప్పుడు దారం తెంపడం సగం మరిచిపోయాను. కానీ క్లాసు నిశ్శబ్దమైపోయింది.

నాలుక తిరగదే!

అసలు గండం భాష. అక్కడ నాటకాలు ఎక్కువగా హిందీలోనే. మన తెలుగు మాట అచ్చుతో ముగియాలని మారాం చేస్తుంది. 'కితాబ్' అనమంటే నాలుక 'కితాబు' దగ్గరే ఆగుతుంది. ఘ, ధ, భ అక్షరాలు రాస్తామే గాని మాట్లాడేటప్పుడు ఒత్తడం తక్కువ. 'భాయి' నా నోట 'బాయి' అయ్యేది. ఉర్దూ ఖ, గ సంగతి సరేసరి, గొంతులోంచి రావాలి. రోజూ గంటసేపు అద్దం ముందు సాధన. పంజాబ్ నుంచి వచ్చిన ఓం పురి అంతటివాడు ఇంగ్లీషు రాదని అక్కడ కుంగిపోయానని చెప్పుకున్నాడు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకునేవాణ్ణి.

రెండో ఏడు చెకోవ్ 'చెర్రీ ఆర్చర్డ్'లో నాకు లోపాఖిన్ వేషం వచ్చింది. తాతా తండ్రీ బానిసలుగా బతికిన ఎస్టేటును వేలంలో కొనుక్కున్నవాడు లోపాఖిన్. కొన్నానని చెప్పే సీనే నాటకానికి ప్రాణం. హిందీలో చెబుతూంటే నా ఉచ్చారణ నాకే వినిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. మాస్టారు ఆపి, "నీ భాషలో చెప్పు. వీళ్ళకు అర్థమవుతుందా లేదా అని చూడకు" అన్నారు.

తెలుగులో మొదలుపెట్టాను. ముందు పరిషత్తు గొంతు లేచింది. వద్దన్నారు. మా వీధిలో మనిషి పొలం కొన్న సంగతి స్నేహితుడికి చెప్పినట్టు చెప్పమన్నారు. చెప్పాను. మాటల మధ్య నాకు తెలియకుండానే ఆగిపోయాను. సంతోషం, సిగ్గు, పగ మూడూ ఒక్కసారే వచ్చి పడ్డాయి. తెలుగు ముక్క రాని ఇరవైమంది కదలకుండా విన్నారు. తరవాత అదే ఊపిరితో హిందీలోకి వెళ్ళమన్నారు. ఆనాటి నుంచి నా హిందీ మెరుగుపడిందని చెప్పను గాని, నటన మాత్రం దారిన పడింది. భాష మారినా ఊపిరి సొంతదే కావాలి - నేను నేర్చుకున్న పాఠాల్లో పెద్దది ఇదే.

ఆ ప్రదర్శనకు నాన్న రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చారు. ఆయనకు హిందీ రాదు. నాటకంలో ఇంటి తాళాలు నేల మీద పడేస్తే లోపాఖిన్ వంగి తీసుకుంటాడు. ఆట అయ్యాక బయట టీ తాగుతూ నాన్న అన్నారు: "నువ్వా తాళాలు తీసుకున్నప్పుడు మనం అమ్ముకున్న ఎకరం గుర్తొచ్చిందిరా." ఉద్యోగం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

సర్టిఫికెట్టు పట్టుకుని ఎక్కడికి?

ఇప్పుడు చేదు సంగతి. ఆ సర్టిఫికెట్టు చూసి వేషం ఇచ్చే నిర్మాత ఎక్కడా లేడు. నవాజుద్దీన్ సిద్దిఖీ 1996లో స్కూలు నుంచి బయటపడ్డాడు. 1999 నాటి 'సర్ఫరోష్'లో కనిపించీ కనిపించని వేషం. దేశం ఆయన పేరు పలికింది 2012లో. పంకజ్ త్రిపాఠీ 2004లో చదువు ముగిస్తే గుర్తింపు వచ్చింది ఆ 2012లోనే. లెక్క మీరే వేసుకోండి!

నేను హైదరాబాదు వచ్చాక మెట్లెక్కిన మొదటి ఆఫీసులో "ఇన్‌స్టాలో ఫాలోయర్లెంతమంది?" అని అడిగారు. స్కూల్లో ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి కానిస్టేబులు, డాక్టరు, హీరోయిన్ బాబాయి - ఇలా చిన్న వేషాలే ఎక్కువ. మధ్యమధ్య పిల్లలకు వర్క్‌షాపులు చెప్పి ఇంటి అద్దె కడుతున్నాను.

పైగా కెమెరా సంగతి వేరు. స్టేజీ మీద ఆఖరి వరసకు చేరాల్సిన భావం, క్లోజప్‌లో కనుబొమ్మ కదిలితే ఎక్కువైపోతుంది. నసీరుద్దీన్ షా, ఓం పురి కూడా ఢిల్లీ తరవాత పూనా ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారని మరవకండి.

మరి ఆ మూడేళ్ళు దండగేనా? ఒక్క షూటింగు సంగతి చెబుతాను. తెల్లవారుజామున రమ్మన్నారు. మేకప్ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. నాకున్నది ఒకే మాట - కొడుకు పోయాడని హీరోకు చెప్పడం. తీరా షాటు టైముకు హీరోగారు వెళ్ళిపోయారు. ఆయన నిలబడాల్సిన చోట ఓ స్టాండు పెట్టి, దానికి టేపు అంటించి, "ఇదే ఆయన కళ్ళు" అన్నారు. చీకటి పడిపోతోంది. రెండో టేకుకు టైము లేదు.

ఆ టేపు ముక్కలో మనిషిని చూడడం నాకు వచ్చు. పన్నెండు గంటలు కూర్చున్నాక కూడా ఊపిరి ఎక్కణ్ణుంచి తియ్యాలో తెలుసు. ఒక్క టేకులో ఓకే అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లైట్‌బాయ్ ఒకతను మాత్రం లైటు ఆర్పబోయి కాసేపు ఆగాడు. బడి ఇచ్చేది అదండీ! అవకాశం ఇవ్వదు. అవకాశం అడ్డదిడ్డంగా, అలసటగా, ఆలస్యంగా వచ్చినప్పుడు కూడా పని చేసి చూపించే శక్తి ఇస్తుంది.

వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ

ఢిల్లీయే వెళ్ళాలని లేదు. తెలుగులోనే నేర్చుకోవాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం - వీటిలో నాటక శాఖలున్నాయి. 'నెల రోజుల్లో నటుణ్ణి చేస్తాం, సినిమా ఛాన్సు గ్యారంటీ' అనే బోర్డు కనిపిస్తే మాత్రం పర్సు జాగ్రత్త! గ్యారంటీ ఇచ్చేవాడు బడి పెట్టలేదు, దుకాణం పెట్టాడు.

చేరేముందు ఒక పరీక్ష మీకు మీరే పెట్టుకోండి. ఎవరూ చూడని చోట, ఎవరూ మెచ్చుకోని పని, మూడేళ్ళపాటు రోజూ చెయ్యగలరా? కెమెరా లేదు, లైకులు లేవు, అద్దం కూడా లేదు. "చెయ్యగలను" అని లోపలి నుంచి మాటొస్తే అప్లికేషను నింపండి. రాకపోతే ఏం మునిగిపోయింది? టికెట్టు కొనుక్కుని హాల్లో కూర్చోండి. చూసే కన్ను ఉన్న ప్రేక్షకుడు కూడా మాకు నటుడంత అవసరమే!