పొరల సందుల్లో వేట

తులిప్ గడ్డను పీల్చే నల్లికి విరుగుడు కొబ్బరికాయ మీద కనిపించింది

తులిప్ అనగానే రంగురంగుల మళ్లు కళ్లముందు మెదులుతాయి. నెదర్లాండ్స్‌లో గడ్డలు పండించే రైతుకు మాత్రం పువ్వు కన్నా గడ్డే ముఖ్యం. అమ్మేది గడ్డనే, మళ్లీ నాటేదీ గడ్డనే. జూన్‌లో తవ్వి తీసిన గడ్డలను మూతల్లేని పెట్టెల్లో పోసి, గాలి ఆడే గదుల్లో అక్టోబరు దాకా నిల్వ ఉంచుతారు. శత్రువు బలపడేది ఆ గదుల్లోనే.

దాని పేరు అసేరియా తులిపే. మిరపలో, కొబ్బరిలో మన రైతులు తిట్టుకునే నల్లుల కోవలోదే. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. నల్లుల్లో చాలావాటికి ఎనిమిది కాళ్లుంటే, దీనికి నాలుగే. ఒళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తులిప్ గడ్డను అడ్డంగా కోస్తే ఉల్లిగడ్డలో లాగే పొర మీద పొర. ఆ పొరల సందుల్లోకి దూరి ఇది రసం పీలుస్తుంది, గడ్డ ఎండిపోతుంది. పైపైన మందు కొడితే లోపల నక్కినదానికి తగలడం కష్టం.

సరే, నల్లిని తినే నల్లిని వదిలితే? నియోసియులస్ కుకుమెరిస్ అనే వేట నల్లి ఉంది. పురుగు పట్టిన తులిప్ గడ్డ నుంచి వచ్చే వాసనకు ఇది ఆకర్షితమవుతుందని శ్రీలంక శాస్త్రవేత్త నయని అరచ్చిగే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజబెలా లెస్నా, మారిస్ సబెలిస్ కలిసి 2004లో వెల్లడించారు. వాసన పట్టి గడ్డ దాకా వస్తుంది కానీ, లోపలికి పోలేదు. పొరల మధ్య సందు దాని ఒంటికి చాలదు.

ఇక్కడే గడ్డ చేసే పని ఒకటి బయటపడింది. నల్లి కుట్టిన గడ్డలో ఇథిలిన్ పుడుతుంది. మామిడి మగ్గబెట్టే గదుల్లో వాడే వాయువే అది. దాని ప్రభావంతో పొరలు కొద్దిగా ఎడమవుతాయి. ఆ కాస్త ఎడం వేట నల్లి దూరడానికి సరిపోతుంది. అంటే, దెబ్బ తిన్న గడ్డ కాపలాదారుకు తానే దారి ఇస్తోందన్నమాట! ఇది మొక్క ఆత్మరక్షణేనా అని పరిశోధకులు ప్రశ్నగానే ఉంచారు. ప్రశ్నగా ఉన్నా అద్భుతమైన సంగతే.

అయితే రైతు ఆ దారి మూసేస్తున్నాడు. ఇథిలిన్ తగిలితే పువ్వు వికారంగా వస్తుంది కాబట్టి గదుల్లో గాలి ఆడించి ఆ వాయువును బయటికి పంపేస్తాడు. అతనిది తప్పని అనలేం. పువ్వు బాగుండాలంటే సందు ఇరుకుగానే ఉండాలి, సందు ఇరుకైతే వేట నల్లి బయటే ఉండిపోవాలి.

ముడి విడిపోయింది కొబ్బరి వల్ల. కాయ ముచ్చిక కింద దాక్కునే కొబ్బరి నల్లి మీద పరిశోధనల్లో నియోసియులస్ పాస్పలివోరస్ అనే మరీ చిన్న వేట నల్లి దృష్టికొచ్చింది. ముచ్చిక కింద ఇమిడేది తులిప్ పొరల్లో ఇమడదా? లెస్నా బృందం దీన్ని నిల్వ గదుల పరిస్థితుల్లోనే, 23 డిగ్రీల వేడిమిలో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. గడ్డలను విప్పదీసి పొరపొరా లెక్కపెట్టారు. కుకుమెరిస్ పై పొర మీది పురుగును తగ్గించింది, లోపలిదాన్ని తగ్గించలేకపోయింది. పాస్పలివోరస్ పైనా లోపలా రెండుచోట్లా అదుపు చేసింది. అది ఎక్కువగా కనిపించిందీ గడ్డ లోపలే.



లిల్లీకి వేరే కాపలా
లిల్లీ గడ్డలను పాడుచేసే రైజోగ్లిఫస్ రోబిని అనే నల్లి బొద్దుగా, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. దానికి సరిజోడు నేలలో తిరిగే వేట నల్లి హైపోయాస్పిస్ అక్యులీఫర్. 1995లో ఇదే ఆమ్‌స్టర్‌డామ్ బృందం దాన్ని పొలాల్లో వెతికి, ప్రయోగశాలలో వడగట్టి ఎంచుకుంది.

కోనసీమ సంగతి
మన దేశంలో కొబ్బరి నల్లి 1998లో ఎర్నాకుళం జిల్లాలో బయటపడి, పొరుగు రాష్ట్రాలకు పాకింది. ముచ్చిక కింద పాలిపోయిన త్రికోణపు మచ్చ, తర్వాత గోధుమరంగు గరుకు చారలు, పగుళ్లు, గిడసబారిన కాయ కోనసీమ రైతుకు తెలిసినవే. పురుగు పట్టిన కాయలో ముచ్చిక సందు పెరుగుతుందని, అప్పుడే వేట నల్లి దూరగలుగుతుందని శ్రీలంక కాయల మీద 2007లో అరచ్చిగే బృందం చూపింది.

మిత్రపురుగును వదిలితే మిగతాది అదే చూసుకుంటుందన్న మాట వ్యవసాయ సభల్లో తరచూ వినిపిస్తుంది. తులిప్ గడ్డ సంగతి తెలిశాక అంత తేలిగ్గా నమ్మలేం. లెస్నా బృందం కూడా పాస్పలివోరస్‌ను ఆశాజనకమైన అభ్యర్థి అందే తప్ప, సమస్య తీరిపోయిందనలేదు. అందుకే మిత్రపురుగుల ప్యాకెట్ కొనే ప్రతి రైతూ రెండు సంగతులు అడగాలి: నా పంటలో పురుగు ఎక్కడ దాక్కుంటుంది, ఈ ప్యాకెట్‌లోది అక్కడికి దూరగలదా? అమ్మేవాళ్లు ఆ జవాబును ప్యాకెట్ మీదే తెలుగులో అచ్చువేయాలి.