దుర్గాబాయికి నాయకత్వం ఎలా అబ్బింది?

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టికెట్టు లేనివాళ్లను ఆపే బాధ్యత పద్నాలుగేళ్ల దుర్గాబాయిది. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్టు లేదు. ఆ పిల్ల లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే దారి వదిలింది.

ఇది విన్నవాళ్లు ఆమె నాయకురాలిగానే పుట్టిందంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అమెరికాలోని మిన్నెసోటా కవలలపై 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఎవరు నాయకత్వ స్థానాలకు చేరతారన్న తేడాలో సుమారు 30 శాతం జన్యువుల వల్ల వచ్చేది. మిగిలిందంతా పెరిగిన తీరు, చేసిన పని, దొరికిన అవకాశం. దుర్గాబాయి జీవితంలో నన్ను పట్టి నిలిపేది ఆ మిగిలిన భాగమే.

నెహ్రూని ఆపేనాటికే ఆ అమ్మాయి ఇంగ్లీషు చదువును నిరసించి బడి మానేసి, ఆడవాళ్లకు హిందీ నేర్పుతోంది. ధైర్యం పుట్టుకతో వచ్చిందే కావచ్చు. పదిమంది ముందు నిలబడి చెప్పడం, ఒప్పుకున్న పనిని వదలకపోవడం మాత్రం ఆ పాఠాల దగ్గర అలవడినవే.

ఉప్పు సత్యాగ్రహంతో జైలుకు వెళ్లినప్పుడు చదువులేని, చట్టం తెలియని పేద ఆడఖైదీల అవస్థ ఆమె కళ్లారా చూశారు. విడుదలయ్యాక చదువు వైపు తిరిగారు. మెట్రిక్ దగ్గర మొదలుపెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., మద్రాసులో లా పూర్తిచేశారు. ఈలోగా, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. సొంత పరీక్షలకు కూర్చుంటూనే ఇంకొకరిని పరీక్షకు సిద్ధం చేశారన్నమాట!

పదవులు ఆ తర్వాతే వచ్చాయి. రాజ్యాంగ సభలో అధ్యక్షుల ప్యానెల్‌లో ఆమె ఒక్కరే మహిళ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఒంటరి ఆడదానికి ఏం కావాలో అప్పటికి ఆమెకు ఏ ఫైలూ చెప్పనక్కర్లేదు. సేవ నేర్పేది ఇదే: అవతలివాళ్ల అవసరం మనకు ముందే తెలిసిరావడం. దాన్ని చూసే జనం నమ్ముతారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. క్లాసు లీడరుగా గట్టిగా మాట్లాడే పిల్లనే కాదు, వెనక బెంచీలో పక్కవాళ్లకు లెక్క చెప్పే పిల్లనూ ఈసారి నిలబెట్టండి.