మోతీకి చెప్పిన సెలవు

పిల్లలూ! ధర్మరాజు మహాప్రస్థానం కథ మీరు వినే ఉంటారు. ద్రౌపదీ, నలుగురు తమ్ముళ్ళూ ఒక్కొక్కరే దారిలో పడిపోయారు. చివరకు ఒక కుక్క మాత్రం ఆయన వెంట మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. తనను నమ్మి వచ్చిన దానిని విడిచిపెట్టి పొందే స్వర్గం తనకు అక్కరలేదన్నాడు.

కథలోని కుక్క ముసలిదై మూలపడలేదు. మన ఇళ్ళలో కుక్కలకు ముసలితనం వస్తుంది, నయంకాని జబ్బులూ వస్తాయి. అప్పుడు దానిని విడిచిపెట్టకుండా ఉండడమంటే ఏమిటి? ఈ సంగతి కొంచెం దుఃఖం కలిగించేదే. అయినా కుక్కనో పిల్లినో పెంచేవాళ్ళందరూ తెలుసుకోవలసినది.

గుడివాడలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఆ ఇంట్లో ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి, నాలుగేళ్ళ తమ్ముడు, అమ్మా నాన్నా, తాతయ్యా, నాయనమ్మా ఉన్నారు. తాతయ్యది దివిసీమలో నాగాయలంక. నాయనమ్మ పుట్టిల్లు మచిలీపట్నం; ఆవిడ మాత్రం బందరనే అంటుంది. ఇంకొకరు కూడా ఆ ఇంట్లో ఉన్నారు. అది మోతీ అనే గోధుమరంగు కుక్క. దానికి పదమూడేళ్ళు. అంటే అమ్మాయి కంటే మూడేళ్ళు పెద్దది. అమ్మాయి నడక నేర్చుకున్నది దాని వీపు పట్టుకునే.

ఒక వేసవిలో మోతీ కుండలకొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. అన్నం మాత్రం ముట్టేది కాదు. పక్కటెముకలు బయటపడ్డాయి. పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మూత్రపిండాలు చెడిపోతున్నాయని చెప్పారు.

మూత్రపిండాలు రక్తాన్ని వడపోసే జల్లెడలవంటివి. ఒంట్లో పుట్టే చెడును అవి నీటితో కలిపి బయటికి పంపుతాయి. వాటి శక్తి మూడింట రెండు వంతులకు పైగా పోయేదాకా జబ్బు పైకి కనిపించకపోవచ్చు. కనిపించేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. ముసలి కుక్కలలో ఈ జబ్బు తరచుగా వస్తుంది. పోయిన శక్తిని తిరిగి తెచ్చే మందు లేదు. ఉన్న కొంచెం శక్తిని కాపాడుకోవడమే వైద్యం.

ఇంట్లోవాళ్ళు చేయగలిగినదంతా చేశారు. 1998లో ప్రారంభమైన పశువైద్య కళాశాల గన్నవరంలో ఉన్నది కదా, అక్కడ కూడా చూపించారు. వాంతులు తగ్గడానికి మందు వేశారు. చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు. దానితో మోతీ మూడు నెలలపాటు తేరుకున్నది. మళ్ళీ వీధి గుమ్మంలో కూచుని అమ్మాయి బడినుంచి వచ్చే దారి చూసింది.

నాలుగో నెలలో మళ్ళీ కూలబడింది. డాక్టరు అమ్మాయిని పిలిచి, "మీ ఇంట్లో కాలెండరు ఉన్నదా, అమ్మా? మోతీ నాలుగు మెతుకులు తిని, లేచి నడిచి, నిన్ను చూసి తోక ఆడించిన రోజుకు ఒక చుక్క పెట్టు. తినక, లేవలేక, మూలిగిన రోజుకు ఒక గీత గియ్యి," అన్నారు.

ఇది మంచి ఉపాయం. ఎందుచేతనంటే, ప్రేమ ఉన్నచోట కళ్ళు మోసపోతాయి. ఒక్కసారి తోక కదిపితే చాలు, వారం రోజుల బాధను మనం మరిచిపోతాము. కాలెండరు మరిచిపోదు. మొదటి వారం ఐదు చుక్కలూ రెండు గీతలూ వచ్చాయి. రెండో వారం రెండు చుక్కలే వచ్చాయి. మూడో వారం అన్నీ గీతలే.

ఆ రాత్రి పెద్దవాళ్ళు వసారాలో మాట్లాడుకుంటూ, మోతీని "నిద్రపుచ్చే" సంగతి అనుకున్నారు. తమ్ముడు విన్నాడు. మర్నాటి రాత్రి వాడు ఎంత బతిమాలినా పడుకోనని మొండికేశాడు. "నేను నిద్రపోతే మళ్ళీ లేవనా?" అని ఏడ్చాడు.

చూశారా! పెద్దవాళ్ళు మెత్తగా ఉంటుందని ఒక మాట అన్నారు. ఆ మాటే పసివాడికి భయమైంది. ఐదారేళ్ళ లోపు పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడమని సరిగా అర్థం కాదు. "ఊరికి వెళ్ళింది", "పారిపోయింది" అని చెబితే వాళ్ళు రోజూ ఎదురు చూస్తారు. అందుచేత నాయనమ్మ వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని ఉన్నమాట చెప్పింది: "మోతీకి బాగా జబ్బు చేసింది, నాయనా. ఇక తగ్గదు. డాక్టరుగారు సూదిమందు వేస్తే దాని ఒళ్ళు పనిచేయడం ఆగిపోతుంది. అది చచ్చిపోతుంది. ఇక దానికి నొప్పి ఉండదు. నువ్వు పడుకునే నిద్ర వేరు. నువ్వు పొద్దున్నే లేస్తావు." వాడు రెండు మూడుసార్లు అదే ప్రశ్న అడిగాడు. ఆవిడ రెండు మూడుసార్లూ అదే జవాబు చెప్పింది.

అమ్మాయి ప్రశ్న వేరు. "చంపడం పాపం కాదా, తాతయ్యా?" అన్నది.

తాతయ్య వెంటనే జవాబు చెప్పలేదు. కొంచెంసేపు ఆగి, "ఈ ప్రశ్న గాంధీగారినే అడిగారు, అమ్మడూ," అంటూ 1928లో జరిగిన సంగతి చెప్పాడు.

సబర్మతీ ఆశ్రమంలో ఒక దూడ జబ్బుపడి లేవలేని స్థితికి వచ్చింది. వైద్యం చేయించారు. ఇక బతకదని వైద్యుడు చెప్పేశాడు. పక్కకు తిప్పితే కూడా ఓర్చుకోలేనంత బాధ పడుతున్నది. గాంధీగారు ఆశ్రమంలోనివాళ్ళతో ఆలోచించారు. అందరూ ఒప్పుకోలేదు. చివరకు ఆయన వైద్యుణ్ణి పిలిపించి, తాను దగ్గర ఉండి, సూదిమందు వేయించారు. రెండు నిమిషాల లోపునే అంతా ముగిసింది. ఆ సంగతి ఆయన దాచలేదు. తన పత్రికలయిన నవజీవన్‌లోనూ యంగ్ ఇండియాలోనూ వ్రాశారు. దేశంలో పెద్ద గొడవ లేచింది. అహింస చెప్పే మనిషి దూడను చంపించడమేమిటని కోపంతో ఎందరో ఉత్తరాలు వ్రాశారు. ఆయన ఓపికగా సమాధానం చెప్పారు. వైద్యుడు కత్తి పట్టి కోసినా అది హింస కాదు. చేసేవాడి మనసులో కోపమూ స్వార్థమూ ఉన్నాయా, బాధపడే ప్రాణికి మేలు చేయాలన్న కోరికే ఉన్నదా అన్నది చూడాలని ఆయన వాదం.

"అయితే గాంధీగారు చేశారు కనుక మనమూ చెయ్యాలనా?" అన్నది అమ్మాయి.

"కాదు. ఆయన కూడా తొందరపడలేదు అని చెబుతున్నాను. ముందు వైద్యం చేయించాడు. వైద్యుణ్ణి అడిగాడు. నలుగురితో ఆలోచించాడు. అప్పుడు దగ్గర నిలబడ్డాడు. ముసలిదైంది, తిండి దండగ, ఇల్లు పాడుచేస్తున్నది అని చేస్తే, అది పాపమే."

తరవాత తాతయ్య ఇంకొక మాట కూడా చెప్పాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ ఎక్కువగా అనడు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీదికి వచ్చింది. వేలాదిమంది చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. "అప్పటికి నాకు పదిహేనేళ్ళు. మా దొడ్లో ఆవు, రెండు ఎడ్లు, ఒక నల్లకుక్క ఉండేవి. కట్టుతాళ్ళు విప్పే వ్యవధి కూడా దొరకలేదు. ఏది ఎటు కొట్టుకుపోయిందో, ఎంతసేపు అవస్థపడిందో తెలియదు. ఒక్కదాని మెడమీదనైనా చెయ్యి వేయలేకపోయాను. మోతీ దగ్గర కూచునే వీలు మనకున్నది, అమ్మడూ. అది చిన్న సంగతి కాదు."

అమ్మాయి మర్నాడు కాలెండరు చూసి, తనే నాన్నతో డాక్టరును పిలవమని చెప్పింది.

డాక్టరు సాయంత్రం చల్లబడ్డాక ఇంటికి వచ్చారు. ఆస్పత్రి వాసనలూ కొత్త కుక్కల అరుపులూ లేకుండా, తన చోటనే తనవాళ్ళ మధ్య ఉంటే జంతువు బెదరదు. మోతీ ఎప్పుడూ పడుకునే జామచెట్టు కింద గోనెపట్టా పరిచారు. నాయనమ్మ బందరు లడ్డు చిదిపి చేతిలో పెట్టుకుని చూపింది. రెండు రోజులుగా ఏదీ ముట్టని మోతీ ఆవిడ అరచెయ్యి నాకింది. ఇతరప్పుడు కుక్కలకు మిఠాయి పెట్టకూడదు. ఆ రోజు డాక్టరు ఏమీ అనలేదు.

"ఉండదలచినవాళ్ళు ఉండండి. చూడలేనివాళ్ళు ఇప్పుడే సెలవు చెప్పి లోపలికి వెళ్ళండి. అందులో తప్పేమీ లేదు," అన్నారు డాక్టరు. తమ్ముడు మోతీ చెవి నిమిరి అమ్మతో లోపలికి పోయాడు. అమ్మాయి మోతీ తల దగ్గర కూచున్నది.

ఏం జరగబోతున్నదో డాక్టరు ముందే వివరించారు. మొదట కండలోకి మత్తుమందు. అందులో చిన్న సూదిపోటు తప్ప వేరే నొప్పి లేదు. పది నిమిషాలలో మోతీ మగతలోకి జారింది. చాలా రోజుల తరవాత దాని మూలుగు ఆగింది. తరవాత ముందుకాలి నరంలోకి రెండో మందు. ఆపరేషను చేసేముందు స్పృహ పోగొట్టే బార్బిట్యురేట్ జాతి మందులనే ఇందుకు ఎక్కువ మోతాదులో వాడతారు. ముందు మెదడు స్పృహ పోతుంది. అందుచేత ఆ తరవాత జరిగేది ప్రాణికి తెలియదు. పిదప మెదడు అడుగున ఊపిరిని నడిపించే కేంద్రం ఆగుతుంది. చివరకు గుండె ఆగుతుంది. ఇదంతా కొద్ది నిమిషాల పని.

డాక్టరు ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "అయిపోయిందమ్మా," అన్నారు.

మోతీ కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. రెప్పలు మూయడానికి కూడా కండరాలు పనిచేయాలి కదా! ఒక్కొక్కసారి ప్రాణం పోయిన తరవాత కూడా ఒళ్ళు అదరవచ్చు, ఒక పెద్ద ఊపిరి వచ్చినట్టు కనిపించవచ్చు. అది నరాలలో మిగిలిన చలనమే గాని, బాధ కాదు. ముందే తెలిసి ఉండబట్టి అమ్మాయి భయపడలేదు. ఏడ్చింది. నాన్న కూడా ఏడ్చాడు.

ఇక పూడ్చే పని. డెల్టాలో ఇది జాగ్రత్తగా చేయాలి. నల్లరేగడి నేల, కాలవలు పారే రోజులు. పల్లంలో తవ్వితే కొద్ది లోతులోనే ఊట వస్తుంది. అందుచేత నూతికీ చెరువుకూ దూరంగా, దొడ్లో మెరక చోటు ఎంచి, పలుగూ పారా తెచ్చి లోతుగా తవ్వారు. కాలవలో పడేయడం మహా తప్పు. ఆ నీళ్ళే కింది ఊళ్ళవాళ్ళు తాగుతారు. పైగా ఈ మందు కళేబరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. దానిని తిన్న గద్దలూ కాకులూ వీధికుక్కలూ కూడా చనిపోగలవు. దొడ్డి లేనివాళ్ళు మునిసిపాలిటీవాళ్ళను అడగాలి.

ఈ పని డాక్టరు తప్ప ఇంకెవరూ చేయరాదు. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన దరిమిలా, 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. జంతువును క్రూరమైన పద్ధతిలో చంపడం దాని ప్రకారం నేరం. ఆకలిదప్పులతో మాడేటట్టు వదిలివేయడమూ నేరమే. ముసలి కుక్కను సంచిలో పెట్టి ఊరిబయట దింపి వచ్చేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. పల్లెలలో డాక్టరు దొరకడం ఎట్లా అంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభించి, వాటిని పిలవడానికి 1962 అనే ఫోను నంబరు ఇచ్చారు.

కుక్క పోతే ఇంత దుఃఖమా అని ఎవరైనా నవ్వితే, వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. జర్మనీలో బాన్ నగరం దగ్గర 1914లో ఒక పాత సమాధి బయటపడింది. సుమారు 14,000 ఏళ్ళనాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. పళ్ళను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ పిల్లకు వారాలపాటు పెద్ద జబ్బు చేసిందనీ, ఎవరో కనిపెట్టుకుని ఉండి సాకకపోతే అన్నాళ్ళు బతికేది కాదనీ తేల్చారు. అప్పటికి మనిషికి వ్యవసాయం కూడా తెలియదు. జబ్బుచేసిన కుక్కపక్కన కూచోవడం మాత్రం తెలుసు.

కొన్నాళ్ళ దాకా అమ్మాయికి ఒక బెంగ ఉండేది. "డాక్టరును పిలవమన్నది నేనే కదా," అని. నాయనమ్మ ఒక మాట చెప్పింది: "మోతీని చంపింది జబ్బు, తల్లీ. దాని నొప్పి నువ్వు తీసుకున్నావు. అందుకే ఇప్పుడు నీకు నొప్పిగా ఉన్నది. నీది తగ్గే నొప్పి. దానిది కాదు."

మోతీని పూడ్చినచోట తమ్ముడు నందివర్ధనం కొమ్మ నాటాడు. వంటింటి గోడమీది కాలెండరును సంవత్సరం మారినా అమ్మాయి తీసివేయనివ్వలేదు. అందులో చివరి గీత పక్కన, ఆ సాయంత్రం తేదీ మీద, ఆమె ఒక చుక్క పెట్టుకున్నది.