మడత కుదిరితేనే టీకా

ఉడికిన గుడ్డు తెల్లసొనలో పచ్చిగుడ్డులో ఉన్న అమైనో ఆమ్లాలే ఉంటాయి. ఆ గొలుసులు తెగలేదు, కొత్తగా ఏమీ చేరలేదు. వేడికి ప్రొటీన్లు మడత విప్పుకుని, ఒకదానికొకటి అతుక్కుపోయాయి, అంతే. ఎంత చల్లార్చినా మళ్లీ పచ్చిసొన కాదు.

మేడ్చల్, శామీర్‌పేట టీకా ఫ్యాక్టరీలకు నిత్యం ఉండే బెంగ ఇదే. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి విడుదల చేసింది. జన్యుమార్పిడి పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. మేడ్చల్ దగ్గర ఆ కంపెనీ ఫ్యాక్టరీ వెలిసింది. టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొర ప్రొటీన్ ఒక్కటే ఉంటుంది. ఆ ప్రొటీన్ జన్యువును ఈస్ట్ కణాల్లో పెట్టి వాటిచేతే తయారు చేయిస్తారు.

ఈస్టే ఎందుకు? బ్యాక్టీరియాలో ఈ ప్రొటీన్‌కు సరైన రూపం రాలేదు. ఈస్ట్‌లోనైతే 226 అమైనో ఆమ్లాల గొలుసులు కొవ్వుతో కలిసి, సుమారు 22 నానోమీటర్ల గోళాలుగా కూడుకుంటాయి. ప్రతి గొలుసులో 14 సిస్టీన్లు ఉంటాయి. వాటిలోని గంధకం పరమాణువులు జతకట్టి గొలుసును మెలితిప్పి పట్టుకుంటాయి. ఆ మెలిక చివర పైకి పొడుచుకొచ్చిన భాగాన్నే మన యాంటీబాడీలు ప్రధానంగా గుర్తుపడతాయి. రసాయనంతో ఆ గంధకపు ముడులు విప్పేస్తే గొలుసు చెక్కుచెదరదు గానీ, యాంటీబాడీలు దాన్ని దాదాపుగా గుర్తించలేవు. ఇక అది టీకాగా పనికిరాదు. శామీర్‌పేట వైపు బయొలాజికల్-ఇ తయారుచేసిన కోవిడ్ టీకా కోర్బెవాక్స్ కూడా ఈస్ట్‌లో పండించిన ప్రొటీనే.

మడత సూచనలు గొలుసులోనే ఉంటాయని చూపినందుకు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ వచ్చింది. అయితే ఆయన ప్రయోగం పలుచటి ద్రావణంలో జరిగింది. కిక్కిరిసిన కణంలో సగం మడిచిన గొలుసులు పక్కవాటికి అతుక్కోకుండా చాపరోన్ ప్రొటీన్లు కాపలా కాయాలి. కంటి కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్ అలాంటిదే. దానిపై హైదరాబాద్‌లోని మన పరిశోధన సంస్థ సీసీఎంబీలో సీహెచ్ మోహనరావు బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ కాపలా తప్పితే ప్రొటీన్లు ముద్దకట్టి కటకం మసకబారుతుంది, శుక్లం వస్తుంది. ఆల్జీమర్స్‌లోనూ మెదడులో పేరుకునేవి మడత చెడిన ప్రొటీన్లే.

2024లో నోబెల్ తెచ్చిన ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గొలుసును చూసి తుది రూపం ఊహించగలదు. సీసాలో ఆ ప్రొటీన్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడం మాత్రం దానికి చేతకాదు. నా దృష్టిలో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

హెపటైటిస్-బి టీకాలో ప్రొటీన్ అల్యూమినియం లవణపు రేణువులకు అంటుకుని ఉంటుంది. సీసా గడ్డకడితే ఆ రేణువులు ముద్దలవుతాయి. కరిగించి ఊపినా తొందరగా అడుగుకు దిగిపోతాయి, టీకా బలం తగ్గిపోతుంది. కాబట్టి దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, ఫ్రీజర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన సీసాను కరిగించి ఇస్తామంటే ఒప్పుకోకండి. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు తొలి మోతాదు వేయించడం మాత్రం మరవకండి.