సముద్రంలో డిస్ట్రెస్ అలర్ట్ వస్తే ఓడలు వెంటనే అక్నాలెడ్జ్ బటన్ ఎందుకు నొక్కవు?

మాది కర్నూలు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా ఆఫీసులో సర్వర్ అలర్ట్స్ చూసే పని నాది కాబట్టి, ఓడల రేడియో గురించి చదువుతుంటే మన డ్యూటీ లాగే అనిపించింది. ఒక్క రూల్ దగ్గర మాత్రం ఆగిపోయా.

ఓడలోని వీహెచ్‌ఎఫ్ రేడియోకి మూత కింద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఛానల్ 70లో డిజిటల్ మెసేజ్ వెళ్తుంది. దీన్నే డీఎస్‌సీ అంటారు. అందులో ఓడ 9 అంకెల ఐడీ, లొకేషన్, టైమ్ ఉంటాయి. రేంజ్‌లో ఉన్న డీఎస్‌సీ రేడియోలన్నీ మోగుతాయి. రిప్లై రాకపోతే మూడున్నర నుంచి నాలుగున్నర నిమిషాల లోపు రేడియో తనే మళ్లీ పంపుతుంది. గ్యాప్ ర్యాండమ్‌గా ఎందుకంటే, రెండు ఓడల అలర్ట్‌లు ప్రతిసారీ ఒకదాన్నొకటి ఢీకొనకూడదు కదా.

అసలు కిటుకు ఇక్కడే. డిజిటల్ అక్నాలెడ్జ్‌మెంట్ అందగానే ఈ రీట్రై ఆగిపోతుంది. దారిన పోయే ఓడ ఏదో మంచి మనసుతో ఆ బటన్ నొక్కేసిందనుకోండి, తీరంలోని రెస్క్యూ సెంటర్‌కి చేరకముందే అలర్ట్ ఆగిపోవచ్చు! అందుకే ఆ పని తీర స్టేషన్‌కి వదిలేసి, మిగతా ఓడలు ఛానల్ 16 వింటూ వివరాలు రాసుకుంటాయి. తీరం పలకకపోతే అప్పుడు మైక్‌లో జవాబిచ్చి, సంగతి తీరానికి చేరవేస్తాయి. పొరపాటున నొక్కినవాళ్లు కూడా స్విచ్ ఆఫ్ చేసి గమ్మున ఉండకూడదు. ఛానల్ 16లో క్యాన్సిల్ అని అందరికీ చెప్పాలి.

వీహెచ్‌ఎఫ్ అందేది కొన్ని పదుల కిలోమీటర్లే. మరి విశాఖ, కాకినాడ నుంచి ఇంకా లోపలికి వెళ్లే చేపల బోట్ల సంగతేంటి? వాటికోసం ఇస్రో చేసిన డాట్ అనే డివైస్ 2010 నుంచి వాడుకలో ఉంది. అలర్ట్ శాటిలైట్ ద్వారా కంట్రోల్ సెంటర్‌కి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కి వెళ్తుంది. కానీ అది వన్‌వే. బటన్ నొక్కినవాళ్లకి అందిందో లేదో తెలిసే దారి లేదు. మునిగే బోటులో ఆ నిమిషాలు ఎట్లుంటాయో ఊహించుకోండి.

2024 జనవరిలో ఇస్రో రెండో జనరేషన్ డాట్-ఎస్‌జీ తెచ్చింది. నావిక్ లొకేషన్, తుఫాను హెచ్చరికలు, బ్లూటూత్‌తో ఫోన్ యాప్‌లో సొంత భాషలో మెసేజ్‌లు, అన్నీ ఉన్నాయి. నేను ఫుల్ మార్కులేసేది మాత్రం ఒక్క ఫీచర్‌కే: అలర్ట్ అందిందని బోటుకి తిరిగొచ్చే రిప్లై.