నీళ్లు పోయకముందు నంబరు చదవాలి

కృష్ణా డెల్టాలో ఏ ప్రమాదం జరిగినా ముందు గుర్తొచ్చేది నీళ్లే. గడ్డివాము అంటుకున్నా, లారీ ఇంజను పొగలు కక్కినా, రోడ్డు మీద ఏదైనా ఒలికినా పక్కనున్న కాలువలోంచో బోదెలోంచో నాలుగు బిందెలు తెచ్చి గుమ్మరిస్తాం. తరతరాలుగా ఈ అలవాటు మనల్ని కాపాడుతూనే వచ్చింది. కానీ ఇప్పుడు బందరు, గుడివాడ, దివిసీమ రోడ్ల మీద తిరిగే సరుకులో, ఊళ్ల మధ్య గోడౌన్లలో ఉండే సరుకులో కొన్నిటి విషయంలో ఈ అలవాటే ప్రాణాంతకం. కొన్ని రసాయనాలు విషపూరితమైనవి, మండే గుణం ఉన్నవి, పైగా నీరు తగిలితే మరింత చెలరేగేవి. అలాంటిది ఒలికినప్పుడు మొదటి అరగంటలో ఏం చేశామన్న దాని మీదే చాలామంది బతుకు ఆధారపడుతుంది. ఆ సమయానికి అక్కడ ఉండేది డ్రైవరు, దారిన పోయేవాళ్లు, పక్క పొలంలోని కూలీలు, ఊరి యువకులు. కాబట్టి ఒలికిందేమిటో తెలిసేదాకా దూరంగా ఉండటం, నీళ్లు పోయకపోవడం అనే రెండు పాఠాలు నిపుణులకంటే ముందు ఊరికి చేరాలి.

నీరు ఎంత పని చేయగలదో భోపాల్ మనకు చూపించింది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. అందులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ ఉంది. అది విషం, తేలిగ్గా అంటుకుంటుంది, నీటితో కలిస్తే విపరీతంగా వేడెక్కుతుంది. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని అప్పటికే ఆపేశారు. తప్పించుకున్న వాయువును కాల్చేసే గోపురం మరమ్మతులో ఉంది. లోపల వేడి, ఒత్తిడి పెరిగి వాయువు బయటపడి నిద్రలో ఉన్న బస్తీల మీదికి పాకింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలే 3,787. మేల్కొన్నవాళ్లలో చాలామంది గాలి పోయే వైపే పరుగెత్తారు. ఆ వాయువు నీటితో చర్య జరుపుతుంది కాబట్టి ముఖానికి తడిగుడ్డ కప్పుకున్నా ఎంతో కొంత రక్షణ దొరికేది. ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ట్యాంకులో చేరితే చంపిన నీరే గుడ్డకు తడిగా ఉంటే కాపాడగలదన్నమాట. ఏ సరుకుకు ఏది పనికొస్తుందో ముందే తెలియాలి.

అంత పెద్ద ఫ్యాక్టరీ మన దగ్గర లేదని ఊరట చెందే వీలు లేదు. వరి పండే ప్రతిచోటా ధాన్యం నిల్వ చేస్తారు, నిల్వ చేసినచోట పురుగు పడుతుంది. ఆ పురుగును చంపడానికి గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు పైన చెప్పిన మూడు గుణాలూ ఉన్నాయి. గాలిలోని తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును మెల్లగా వదులుతాయి. మూడు గ్రాముల బిళ్ల నుంచి ఒక గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. తేమకు బదులు నీళ్లే పడితే ఆ వాయువంతా ఒక్కసారిగా వెలువడి తనంతట తానే అంటుకోవచ్చు కూడా. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అమరిల్లో పట్టణంలో 2017 జనవరిలో ఒక ఇంటి కింద ఇలాంటి మందే చల్లారు. వాసన భరించలేక నీళ్లు కొట్టి కడిగేయబోయారు. వెలువడిన వాయువుకు ఆ ఇంట్లో నలుగురు పిల్లలు చనిపోయారు. గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లులో వాన కురిసే వేళ ఈ బిళ్లల డబ్బా పగిలినా, తెలియని మనిషి గొట్టంతో నీళ్లు కొట్టినా జరిగేది ఇదే. మనుషుల్ని బయటికి పంపి, తలుపులు తెరిచి వదలడం మంచిది. పొడి ఇసుకతో కప్పడం, వాన తగలకుండా టార్పాలిన్ పరచడం శ్వాస పరికరం తొడుక్కున్న సిబ్బంది పని.

అలాగని నీళ్లే వద్దంటే అదీ పొరపాటే. ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల శీతల గిడ్డంగుల్లో వాడే అమ్మోనియా వాయువు గాలిలో కమ్ముకున్నప్పుడు సన్నటి నీటి జల్లు దాన్ని పీల్చుకుని కిందికి దించుతుంది. అదే అమ్మోనియా ద్రవరూపంలో నేల మీద మడుగు కట్టినప్పుడు దాని మీద నీళ్లు పోస్తే ఆ వేడికి మరింత వాయువు లేస్తుంది. పెట్రోలు మీద నీళ్లు పోస్తే అది పైన తేలి, మంటతో సహా పక్కకు పాకుతుంది. చేపల, రొయ్యల చెరువుల్లో వాడే బ్లీచింగ్ పౌడర్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ పుడుతుంది. ఒంటి మీద రసాయనం పడితే మాత్రం ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడగాలి. నీటితో చర్య జరిపే పొడి అయితే ముందు పొడిగుడ్డతో దులిపేశాకే కడగాలి. ఇన్ని తేడాలు సామాన్యుడికి ఎలా గుర్తుంటాయన్న ప్రశ్న న్యాయమైనదే. అవన్నీ గుర్తుండాల్సిన పని లేదు, బండి మీద రాసి ఉన్నది చదవగలిగితే చాలు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ప్రమాదకరమైన సరుకు మోసే ప్రతి వాహనం మీదా సమాచార పలక ఉండాలి. సరుకు పేరు, నాలుగంకెల యూఎన్ నంబరు, ప్రమాద స్వభావం తెలిపే డైమండ్ గుర్తు, ఫోన్ నంబర్లు దాని మీద కనిపించాలి. నీలం రంగు మీద మంట బొమ్మ ఉంటే నీరు తగలకూడదని, పుర్రె బొమ్మ ఉంటే విషమని అర్థం. పెట్రోలు ట్యాంకర్ల మీద 1203 అనే యూఎన్ నంబరుతోపాటు 3వైఈ అనే హజ్‌కెమ్ కోడ్ కనిపిస్తుంది. ఇందులో మొదటి అంకె దేనితో ఆర్పాలో చెబుతుంది: 1 అయితే నీటి ధార, 2 అయితే సన్నటి జల్లు, 3 అయితే నురగ, 4 అయితే పొడి పదార్థం. 4 కనిపిస్తే నీళ్లు దగ్గరికి రానివ్వకూడదు. నడుమ అక్షరం డబ్ల్యూ, ఎక్స్, వై, జడ్‌లలో ఏదైనా అయితే ఆ సరుకును కాలువలో కలవనివ్వకూడదు. చివర ‘ఈ’ (E) అక్షరం ఉంటే జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. బందరు తీరంలో చదువు రాని మత్స్యకారుడికి కూడా ఓడరేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఏం చేయాలో తెలుసు. తుఫాను నంబరు నేర్చుకున్న జనానికి ట్యాంకరు నంబరు నేర్చుకోవడం కష్టం కాదు.

చదవడానికైనా దగ్గరికి పోనవసరం లేదు, ఫోన్ కెమెరాతో దూరం నుంచే చూడొచ్చు. గాలి మన వీపు వైపు నుంచి ప్రమాదం వైపు వీచేలా నిలబడాలి. కొబ్బరి మట్టల ఊపు, పొగ వాలు చూస్తే గాలి ఎటో తెలుస్తుంది. గాలి మన మీదికే వస్తుంటే దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. ద్రవం ఒలికితే అన్ని వైపులా కనీసం 50 మీటర్లు, ఘనపదార్థమైతే 25 మీటర్లు, ట్యాంకరుకే మంటలు అంటుకుంటే 800 మీటర్లు ఖాళీ చేయించాలని ఉత్తర అమెరికా అత్యవసర మార్గదర్శిని చెబుతోంది. అక్కడ బైకు స్టార్ట్ చేయకూడదు, బీడీ వెలిగించకూడదు. ఒలికిన పెట్రోలు పట్టుకోవడానికి డబ్బాలతో ఎగబడకూడదు. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అలా ఎగబడిన జనంలో 200 మందికి పైగా కాలిపోయారు. పడిపోయిన మనిషిని చూస్తూ వదిలేయాలా అని ఎవరైనా అడుగుతారు. అది మనసున్నవాళ్లు అడిగే ప్రశ్నే. కానీ విషవాయువులోకి ముక్కుకు చేయి అడ్డం పెట్టుకుని వెళ్లిన మనిషి బతికించలేడు, రెండో శవం అవుతాడు. శ్వాస పరికరం ఉన్నవాళ్లను వేగంగా రప్పించడమే ఆ మనిషికి మనం చేయగల సాయం.

డెల్టాకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి రోడ్లు చాలా చోట్ల కాలువ గట్లను ఆనుకునే పోతాయి. ఆ కాలువ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుల్లోకి, చేపల చెరువుల్లోకి, వరిచేలలోకి చేరతాయి. రోడ్డు మీద ఒలికింది గంటలో తాగునీటిలో కలవొచ్చు. అందుచేత పోలీసులకు, ఫైర్ స్టేషనుకు ఫోన్ చేసినప్పుడే కాలువ లస్కరుకు, గ్రామీణ నీటి సరఫరా సిబ్బందికి కూడా కబురు వెళ్లాలి. షట్టరు దించాలా, చెరువుకు నీళ్లు ఎక్కించడం ఆపాలా అన్నది వాళ్లే తేల్చగలరు. కృష్ణ రెండు పాయల నడుమ ఉన్న దివిసీమలో బయటపడే దారులు కొన్నే. పులిగడ్డ వంతెన దగ్గర ట్యాంకరు బోల్తా పడితే జనం ఎటు తరలాలన్నది ముందే తేల్చి పెట్టుకోవాలి. వానాకాలంలో ఇక్కడ పొడి ఇసుక దొరకదు, దాన్నీ ముందే మూటలు కట్టి కప్పు కింద దాచాలి.

ఇది పంట పొలాల ప్రాంతం, ఇంత భయం ఎందుకని కొందరు అంటారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి రసాయన ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయిన ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం అంతకు కొద్దిరోజుల ముందు వరకు కృష్ణా జిల్లా ఊరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా బలైన, కోనసీమలోని నగరం అనే ఊరు కూడా కొబ్బరితోటల నడుమ పల్లెటూరే. 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది, 216వ నంబరు రహదారి బందరు, మోపిదేవి మీదుగా దివిసీమను దాటుతుంది. మంగినపూడి దగ్గర 2023 మే 22న శంకుస్థాపన జరిగిన పోర్టు పూర్తయితే ఈ దారుల్లో సరుకు పెరుగుతుంది. పోర్టు రావాలి, ఉద్యోగాలు రావాలి. దాంతోపాటే సన్నద్ధతా రావాలి.

జాతీయ విపత్తు దళం గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది కదా, వాళ్లు చూసుకుంటారన్నది మరో మాట. ఎంత వేగంగా బయలుదేరినా వాళ్లు నాగాయలంక చేరేసరికి మొదటి అరగంట దాటిపోతుంది. 2020 మే 7 వేకువన విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు 12 మంది చనిపోయారు. ఆ ఆవిరిని పుట్టిస్తున్న చర్యను అణచే రసాయనాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది. 36 చోట్ల నుంచి మోగించే వీలున్న సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. శిక్షణ పొందినవాళ్లకైనా సమాచారం లేకపోతే రక్షణ లేదు. 2015 ఆగస్టులో చైనాలోని తియాంజిన్ ఓడరేవు గిడ్డంగి పేలుళ్లలో చనిపోయిన 165 మందిలో 99 మంది అగ్నిమాపక సిబ్బందే.

ఇవన్నీ కొత్త చట్టం అడిగే పనులు కావు. రసాయన ప్రమాదాల మీద 1996లో వచ్చిన నిబంధనలు కలెక్టరు నాయకత్వంలో జిల్లా సంక్షోభ బృందం ఉండాలని, ఏడాదికి ఒక్కసారైనా పూర్తిస్థాయి మాక్ డ్రిల్ జరగాలని చెబుతున్నాయి. ఆ డ్రిల్ ఫ్యాక్టరీ గేటు లోపలే ఆగకూడదు. ఒక ఏడాది పులిగడ్డ వంతెన మీద, ఇంకో ఏడాది గుడివాడ మిల్లులో, మరో ఏడాది బందరు కాలువ గట్టు మీద జరగాలి. బందరు, గుడివాడ, అవనిగడ్డ అగ్నిమాపక సిబ్బందికి శ్వాస పరికరాలు, నురగ, పొడి మందు అందాలి. యూఎన్ నంబర్ల పట్టిక తెలుగులో ప్రతి సచివాలయంలో, ప్రతి బంకులో, ప్రతి మిల్లు గోడ మీద ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఈ నేల తుఫాను షెల్టర్లు కట్టుకుంది, హెచ్చరిక వినగానే కదలడం నేర్చుకుంది. అంత మూల్యం చెల్లించాకే నేర్చుకోవాలన్న నియమం లేదు. రేపు మీ ఊరి రోడ్డు మీద ట్యాంకరు పక్కకు ఒరిగి కనిపిస్తే బిందె పక్కన పెట్టండి, జనాన్ని గాలి వచ్చే వైపుకు మళ్లించండి, దూరం నుంచి పలక మీది నంబరు చదివి 112కు చెప్పండి.